పదమూడు ముక్కల పతనం

మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర వడ్ల లారీ వంతు వచ్చేదాకా నడిచే ఆట అది. సూర్యాపేట పెళ్లిళ్లలో మగపెళ్లివారి విడిదిలో తెల్లవార్లూ నడిచేది. చావింట దినం దాకా రాత్రుళ్లు గడవడానికీ అదే తోడు. ఎనభైకి ఫుల్‌కౌంటు, ఇరవైకి డ్రాపు, మధ్యలో లేస్తే నలభై. ఓడినవాడి మొహం నలుగురూ చూసేవాళ్లు. పెద్దమనిషెవరో ఒకరు “ఇక లెయ్యరా” అని ముక్కలు లాగేసుకునేవారు.

అలాంటి రమ్మీకి ఒకప్పుడు సుప్రీంకోర్టే పెద్దపీట వేసింది. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, 1305 ఫసలీ నాటి నిజాం జూద చట్టం కింద కేసు పెట్టారు. 1967లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాస్తూ, మూడు ముక్కలాటలా ఇది వట్టి అదృష్టం కాదన్నారు. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది దాచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి. క్లబ్బు ఆటకు ఐదు పాయింట్లు తీసుకునేది. అది ఖర్చులకేలెమ్మని కోర్టు వదిలేసింది. కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: పందెపు ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటే అప్పుడది నేరమే. మొదటి మాట ఊరూరా పాకింది. రెండోది ఎవరికీ పట్టలేదు. రమ్మీ కొంప ముంచింది ఆ మరుపేనని నా నమ్మకం.

ఫోన్లు వచ్చాక ఆ తీర్పునే కంపెనీలు గొడుగులా పట్టుకున్నాయి. ఇది నైపుణ్యమని కోర్టే చెప్పింది కదా అన్నాయి. అంటూనే ప్రతి పందెంలోంచి శాతం చొప్పున కోసుకున్నాయి. పేక కలిపేవాడు లేడు, పంచేవాడు లేడు, చాయ్‌కి ఆగేది లేదు. ధాన్యం పైసలు ఖాతాలో పడిన రాత్రే దుప్పటి కింద అయిపోవచ్చు. ఆ ఓటమికి సాక్షి ఉండడు. “ఇక లెయ్యరా” అనేవాడూ ఉండడు.

2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి, పందెపు రమ్మీకి ఉన్న మినహాయింపు తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరు దాకా ఆ పని చేయలేదు. ఈ మూడేళ్ల సందులో కోదాడకున్న గతి విచిత్రమైనది. ఇక్కడ పందెం తెరవని యాప్, రామాపురం క్రాస్‌రోడ్డు దాటి జగ్గయ్యపేట వైపు పోతే తెరుచుకునేది. మిర్యాలగూడ వాళ్లకు వాడపల్లి వంతెన దాటితే చాలు, అవతల పొందుగుల. కృష్ణ ఒడ్డున నేరానికి కూడా ఈ గట్టూ ఆ గట్టూ ఏర్పడ్డాయి.

నిషేధం కాక ఇంకో దారి లేకపోలేదు. కర్ణాటక వీడియో గేముల దుకాణాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తే, 1995లో సుప్రీంకోర్టు సరేనంది. అమెరికాలోని ఇల్లినాయ్ 2009లో చట్టం చేసి, బార్లలోని జూదపు యంత్రాలను లెక్కలోకీ పన్నులోకీ తెచ్చింది. యంత్రాలను బార్లలో పెట్టాలని నేననను. కానీ లైసెన్సు, పరిమితి, తనిఖీ అనే మాటలు మన దగ్గర ఆచరణకు రాలేదు. జూదం పనికిరాదన్న తెలంగాణ ప్రభుత్వమే 2023లో 2,620 మద్యం దుకాణాలకు డ్రా తీసింది. అప్పుడు దరఖాస్తుకు 2 లక్షలు, దుకాణం తగిలినా తగలకపోయినా తిరిగి రాలేదు. నైపుణ్యం సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

చివరి దెబ్బ ఢిల్లీ నుంచి వచ్చింది. ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని కేంద్రం లెక్క చెప్పింది. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నీ నిషేధం. నైపుణ్యమా అదృష్టమా అన్న యాభై ఎనిమిదేళ్ల వాదనకు ఆ చట్టంలో చోటే లేదు. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాడు బాధితుడు, అతనికి శిక్ష లేదు.

ఆ దయ ఫోన్లో ఆడినవాడికే. కోదాడ పక్కన ఏ మామిడితోటలోనో పది రూపాయల పాయింటుకు చాప మీద కూర్చున్న ముసలాయన మాత్రం రాష్ట్ర చట్టం కింద ఇప్పటికీ నిందితుడే.