బొమ్మలు చెప్పే చరిత్ర.. కురిక్యాల గుట్ట
ఒకే బండపై జైన శిల్పాలు, తెలుగు కంద పద్యాలు
గుట్ట దెబ్బతింటే రెండూ దక్కవు

కోరుట్ల, జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే రహదారిపై నిత్యం ఎందరో గంగాధర కూడలి దాటి వెళుతుంటారు. ఆ దారికి చేరువలోనే, కురిక్యాల గ్రామ సమీపాన, వెయ్యేళ్లకు పైబడిన శిల్పాలను, తెలుగు పద్యాలను ఒకేచోట మోస్తున్న గుట్ట ఒకటి ఉన్నదన్న సంగతి వారిలో కొందరికే తెలుసు. పల్లె ప్రజలు దానిని బొమ్మలగుట్ట అంటారు, బొమ్మలమ్మ గుట్ట అనీ అంటారు. శాసనంలో దాని పేరు వృషభగిరి.

లిపి కన్నా ముందే..
తెలంగాణలో రాతిపై కథ చెప్పే ఆనవాయితీ అక్షరం కన్నా పురాతనమైనది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టల్లో ఆదిమానవులు ఎర్రని రంగుతో జంతువులను, మనుషులను చిత్రించారు. వాటి వెంట ఒక్క అక్షరమైనా లేదు. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధస్తూపంలోని ముచలింద నాగ ఫలకాలపై బుద్ధుని రూపం కనిపించదు. ఆయన పాదాల గుర్తులు, వాటికి పడగ పట్టిన నాగు మాత్రమే ఉంటాయి. గాలివానలో నాగరాజు బుద్ధునికి గొడుగై నిలిచిన వృత్తాంతం తెలిసిన భక్తునికి ఆ రెండు గుర్తులే చాలు. ఆ వరుసలో కురిక్యాలది ఒక ప్రత్యేక స్థానం. ఇక్కడ బొమ్మ, అక్షరం రెండూ ఒకే బండపై నిలిచాయి.

గుర్తులే ఆనవాళ్లు
గుట్టపై బండను తొలిచి చక్రేశ్వరీ దేవిని, తీర్థంకరులను మలిచారు. జైన శిల్పాలలో తీర్థంకరులందరి రూపూ ఇంచుమించు ఒకటే. పద్మాసనంలో కూర్చునో, చేతులు నిటారుగా వేలాడదీసి కాయోత్సర్గ భంగిమలో నిలుచునో ఉంటారు. వారిని వేరుపరచి చెప్పేది లాంఛనమనే గుర్తు. వృషభం ఉంటే మొదటి తీర్థంకరుడు ఆదినాథుడు, సింహం ఉంటే చివరివాడు వర్ధమాన మహావీరుడు. తలపై పాము పడగలు ఏడుంటే పార్శ్వనాథుడని పోల్చుకుంటారు. చేతుల్లో చక్రాలు ధరించే గరుడవాహన చక్రేశ్వరి ఆదినాథుని శాసనదేవత. ఆదినాథునికి వృషభనాథుడన్న పేరూ ఉన్నందున, వృషభగిరి అన్న గుట్ట పేరు సైతం ఈ గుర్తుల భాషలోనిదే.

చదువు రానివారు సైతం ఈ బొమ్మలను తమదైన రీతిలో చదువుకున్నారు. జైనం ఈ సీమలో కనుమరుగైనా దేవత మిగిలింది. చక్రేశ్వరి అన్న పేరు మరుగున పడినా బొమ్మలమ్మ అన్న పేరు నిలిచింది.

అన్నదమ్ముల శాసనం
ఈ శిల్పాలను చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. వీరి తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. పూర్వీకులు వేంగి దేశంలోని కమ్మనాటి వంగిపర్రుకు చెందినవారు. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లా వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానంలో పంపకవి 941లో విక్రమార్జున విజయాన్ని రచించాడు. మెచ్చిన రాజు అతనికి ధర్మపురి అగ్రహారాన్ని ఇచ్చాడు. అది జగిత్యాల జిల్లాలో గోదావరి తీరాన ఉన్న ధర్మపురియేనని పలువురు చరిత్రకారులు భావించారు.

సుమారు 945 నాటిదిగా లెక్కించే ఈ శాసనం కన్నడ, సంస్కృత, తెలుగు భాషల్లో ఉంది. తొలి, తుది జినుల బింబాలను, చక్రేశ్వరిని, ఇతర జిన ప్రతిమలను చెక్కించిన సంగతి ఇందులో నమోదైంది. త్రిభువనతిలకమనే బసదిని, మదనవిలాసమనే తోటను, కవితాగుణార్ణవమనే చెరువును జినవల్లభుడు నెలకొల్పాడు. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదు. అన్న పేరు నిలవాలని తమ్ముడు చెరువు తవ్వించాడన్నమాట.

చివరనున్న మూడు కంద పద్యాలు తెలుగువారికి పెన్నిధి. జినాలయాలు కట్టించడంలో, పూజలు జరిపించడంలో, మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభునికి సాటి ఎవరన్న ప్రశంస వాటిలో ఉంది. నన్నయకు సుమారు నూరేళ్ల ముందే తెలుగులో కందం కుదురుగా నడిచిందనడానికి ఇవి సాక్ష్యం. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన భాష హోదా ప్రకటించారు. భాష ప్రాచీనతకు చూపిన ఆధారాల్లో ఈ శాసనమూ ఒకటి.

పొంచి ఉన్న ముప్పు
ఉమ్మడి కరీంనగర్ జిల్లా గ్రానైటుకు పేరు పొందింది. ఇక్కడి రాయి దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. ఆ క్రమంలో ఎన్నో గుట్టలు కరిగిపోయాయి. బొమ్మలగుట్టను క్వారీల బారి నుంచి కాపాడాలని చరిత్రాభిమానులు కోరుతూ వచ్చారు. విడి విగ్రహమైతే మ్యూజియానికి తరలించవచ్చు. కొండబండకే చెక్కిన బొమ్మకు ఆ వీలు లేదు. పేలుళ్ల అదురుకు బండ పగిలితే శిల్పంతోపాటు అక్షరమూ పోతుంది. గుప్తనిధుల పేరిట సాగే తవ్వకాలూ ఇటువంటి కట్టడాలకు గొడ్డలిపెట్టే. నకలు తీసిన పద్యం పుస్తకంలో నిలుస్తుంది గానీ, ఆ పద్యం ఏ దేవత సన్నిధిలో వెలసిందో చూపేది గుట్ట ఒక్కటే.

సందర్శకులకు సూచన
కరీంనగర్, జగిత్యాల నడుమ గంగాధర కూడలి వద్ద దిగి కురిక్యాల చేరుకోవచ్చు. శాసనం స్పష్టంగా కనిపించడానికి సుద్దపొడి, రంగు, నూనె పూయడం ఎంతమాత్రం తగదు. ఉదయమో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడే వేళ వెళితే చెక్కిన గీతలు వాటంతటవే తేటపడతాయి.