ఏప్రిల్ 10: రాష్ట్రం లేని భాషకు దక్కిన చోటు

భారతదేశంలోని సింధీలు ఏటా ఏప్రిల్ 10న తమ భాషా దినోత్సవం జరుపుకుంటారు. 1967లో ఆ రోజున 21వ రాజ్యాంగ సవరణతో సింధీ ఎనిమిదో షెడ్యూలులో 15వ భాషగా చేరింది. సాధారణంగా మన ఉగాది మర్నాడు వచ్చే చేటీ చాంద్ తమ ఇష్టదైవం ఝూలేలాల్‌ను కొలిచే పండుగ. జనవరి 21 ఏమో, 1943లో అదే రోజున సింధులోని సక్కర్‌లో ఉరికంబమెక్కిన యువకుడు హేమూ కాలానీని తలచుకునే రోజు. ఆ రెండూ విడిచివచ్చిన నేలను గుర్తుచేస్తాయి. ఏప్రిల్ 10 మాత్రం ఆ నేల పోయాక సాధించుకున్న హక్కును గుర్తుచేస్తుంది. ఆధునిక సింధీ చరిత్రలో అసలు మలుపు అదేనని నా వాదన.

1843లో మియాని యుద్ధంలో తాల్పూర్ మీర్లను ఓడించి ఆంగ్లేయులు సింధు ప్రాంతాన్ని ఆక్రమించారు. 1847లో దాన్ని బొంబాయి ప్రెసిడెన్సీలో కలిపారు. 1936లో గాని అది మళ్లీ వేరు ప్రావిన్సు కాలేదు. ఈ మధ్యకాలంలోనే, 1853లో, అరబ్బీ లిపి ఆధారంగా 52 అక్షరాల వర్ణమాల స్థిరపడి సింధీ బడిలోకీ కచేరీలోకీ వచ్చింది. విభజనలో పంజాబు, బెంగాల్ రెండుగా చీలాయి. సింధు మొత్తంగా పాకిస్తాన్‌కు వెళ్లింది. ఇటు వచ్చిన సుమారు పది లక్షల మంది హిందూ సింధీలకు సొంత ప్రాంతమంటూ మిగల్లేదు. కల్యాణ్ దగ్గరి సైనిక శిబిరం ఉల్హాస్‌నగర్ అయింది. కచ్‌లో గాంధీధామ్ వెలసింది. 1953లో ఆంధ్ర, 1956లో మరికొన్ని రాష్ట్రాలు భాష ప్రాతిపదికన ఏర్పడుతున్నప్పుడు, అన్నిచోట్లా అల్పసంఖ్యాకులే అయిన సింధీలకు రాష్ట్రం అడిగే వీలే లేదు. రాష్ట్రం లేని సంస్కృతం షెడ్యూలులో మొదటినుంచీ ఉన్నమాట నిజమే. దానికి దేశమంతటా శాస్త్ర సంప్రదాయం అండగా ఉంది. సింధీకి ఉన్న అండ నిర్వాసితుల పట్టుదల ఒక్కటే.

షెడ్యూలులో పేరుంటే భాష బతుకుతుందా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 2001 జనగణనలో 25.35 లక్షలున్న సింధీ మాతృభాషీయులు 2011లో 27.72 లక్షలయ్యారు. దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగిన దశాబ్దంలో ఈ పెరుగుదల 9 శాతమే. అయితే నేల ఉంటే చాలనడానికీ ఆధారం లేదు. సింధులోనే 1972లో సింధీకి అధికార హోదా ఇచ్చే బిల్లు వస్తే కరాచీలో అల్లర్లు చెలరేగాయి. ఇక్కడ రాజ్యాంగ గుర్తింపు వల్ల సివిల్ సర్వీసుల పరీక్షలో సింధీకి స్థానం దక్కింది, అరబ్బీ, దేవనాగరి లిపుల్లో దేనిలోనైనా రాసే వీలుతో సహా. కానీ ఆ రెండు లిపులే పాఠకులనూ రెండుగా చీల్చాయి. ఇంగ్లీషు, హిందీ బడులు పిల్లల్ని ఆ రెంటికీ దూరం చేశాయి. ఈ లోటు చట్టం తీర్చేది కాదు.

రాజ్యాంగం భాషకు హోదా ఇవ్వగలదు, మాట్లాడేవాళ్లను ఇవ్వలేదు. రెండు రాష్ట్రాలున్నాయన్న ధీమాతో తెలుగును ఇంట్లో పక్కన పెడుతున్న మనం కూడా ఏప్రిల్ 10 చెప్పే ఈ పాఠాన్ని చెవిన పెట్టాలి.