చెరసాలలో పలకా బలపం

పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని, వాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించిన రోజు మనలో ఏ తల్లి మరిచిపోతుంది చెప్పండి! ఆ తరువాత కూడా మన పిల్లల చదువు సగం బడిలో అయితే, సగం వంటింటి గడప దగ్గరే సాగుతుంది. మనం కూర తరుగుతూ వుంటే వాళ్ళు ఎక్కాలు అప్పజెబుతారు. మరి ఆ తల్లో, తండ్రో జైల్లో వుంటే?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట మా వీధిలో ఒకాయన జైలుకు వెళ్ళాడు. ఆయన కూతురు సాయంత్రం ఎప్పటిలాగే పుస్తకాల సంచీతో మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. "ఇవాళ వీలుపడదమ్మా" అంటూ నేనే తలుపు వేసుకున్నాను. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. తండ్రి చేసిన తప్పుకు నేను ఆ పిల్లకు శిక్ష వేశాను. అందుకే ఇవాళ మీకు రెండు వందల ఏళ్ళ నాటి ఒక ఇల్లాలి సంగతి చెప్పాలనిపించింది.

ఆవిడ పేరు ఎలిజబెత్ ఫ్రై. 1780లో ఇంగ్లండులోని నార్విచ్‌లో పుట్టింది. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. పెళ్ళయి లండనులో కాపురం పెట్టింది. 1813లో తెలిసినాయన ఒకరు న్యూగేట్ అనే జైలు చూసి వచ్చి, అక్కడి పసివాళ్ళకు ఒంటిమీద సరైన బట్టలైనా లేవని చెప్పారు. వెంటనే ఈవిడ ఫ్లానెల్ గుడ్డ తెప్పించి, చంటిపిల్లల బట్టలు కుట్టించి తీసుకుని వెళ్ళింది.

లోపల ఏం చూసిందో తెలుసా? రెండు పెద్ద గదులూ, రెండు చిన్న గదులూ. వాటిలో సుమారు 300 మంది ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలూ! విచారణ జరగనివాళ్ళూ, శిక్షపడినవాళ్ళూ అందరూ ఒక్కచోటే. వంట అక్కడే, బట్టలుతకడం అక్కడే, పడక కటిక నేలమీదే. చిన్న దొంగతనానికి కూడా ఉరిశిక్ష వేసే రోజులవి. చూసేవాళ్ళు లేని పసివాళ్ళు తల్లుల వెంట జైలుకే వచ్చేవారు. తిట్లూ కొట్లాటలూ వింటూనే వాళ్ళకు మాటలు వచ్చేవి.

తరువాత దాదాపు నాలుగేళ్ళు ఆవిడ ఆ పని పట్టించుకోలేకపోయింది. పురుళ్ళూ, ఇంటి బాధ్యతలూ మనకు తెలియనివి కావు గదా! 1815లో అయిదేళ్ళయినా నిండని కూతురు కూడా చనిపోయింది. ఆ దుఃఖంతోనే మళ్ళీ న్యూగేట్ మెట్లెక్కింది.

ఈసారి వట్టి బట్టలిచ్చి ఊరుకోలేదు. 1817 మొదట్లో ఆ తల్లులందరినీ కూచోబెట్టి, ఈ పిల్లలకు ఇక్కడే ఒక బడి పెట్టుకుందామా అని వాళ్ళనే అడిగింది. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పంతులమ్మను మీలోనుంచే మీరే ఎంచుకోండి అన్నది. మేరీ కానర్ అనే ఆమెను ఎంచుకున్నారు. గడియారం దొంగిలించిన నేరం మీద జైలుకు వచ్చిన మనిషి ఆమె. చదువు వచ్చినది.

అధికారులు మాత్రం పెదవి విరిచారు. ఇలాంటి ఆడవాళ్ళు బాగుపడరనీ, బడికి చోటు కూడా లేదనీ అన్నారు. ఆవిడ వాదం పెట్టుకోలేదు. ప్రయత్నించి చూస్తానని అనుమతి అడిగి, ఖాళీగా వున్న ఒక చిన్న గది సంపాదించింది. అందులో సుమారు 30 మంది పిల్లలూ, చిన్నవయసు ఖైదీలూ చదువుకు కూచున్నారు.

అసలు విశేషం ఇక్కడే వుందండీ. బడి తెరిచిన రోజున గుమ్మం దగ్గర పెద్ద ఆడవాళ్ళు తోసుకుంటూ నిలబడ్డారు. మాకూ నేర్పండి, మాకూ నేర్పండి అని బతిమాలారు. గదిలో చోటు చాలక వాళ్ళను వెనక్కి పంపవలసి వచ్చింది. బడి పిల్లల కోసమని పెడితే, చదువు మీద ఆశ తల్లులకు పుట్టింది! ఆ ఏప్రిల్‌లో ఎలిజబెత్ ఫ్రైతో పాటు పన్నెండుమంది స్త్రీలు సంఘంగా ఏర్పడి, పెద్దవాళ్ళకు కూడా చదువూ, కుట్టుపనీ, అల్లికా నేర్పించారు. పన్నెండుమందికి మించకుండా జట్లు చేసి, చదువు వచ్చిన ఖైదీనే ఒక్కొక్క జట్టుకు పెద్దగా పెట్టారు.

1818లో పార్లమెంటు సంఘం ముందు ఎలిజబెత్ ఫ్రై సాక్ష్యం చెప్పింది. 1823లో వచ్చిన జైళ్ళ చట్టం ఖైదీలకు చదవడం, రాయడం నేర్పాలన్నది. ఆడఖైదీల మీద ఆడవాళ్ళే కాపలా వుండాలన్నది. చట్టం అన్నిచోట్లా వెంటనే అమలు కాలేదనుకోండి. అయినా దారి పడింది.

మేరీ కానర్ ఏమయిందంటారా? సుమారు పదిహేను నెలలు శ్రద్ధగా పాఠాలు చెప్పాక ఆమెకు క్షమాభిక్ష దొరికింది. కానీ అప్పటికే పట్టుకున్న దగ్గు క్షయగా మారి ప్రాణం తీసింది. పాపం, ఆ విడుదల ఆమెకు అక్కరకు రాలేదు.

ఇంగ్లండులోనే డార్ట్‌మూర్ జైల్లో 2003లో మరో ముచ్చటైన పని మొదలయింది. జైల్లోని తండ్రి ఒక కథ చదువుతాడు. దాన్ని రికార్డు చేసి ఇంటికి పంపిస్తారు. చదవడం రానివాడికి పక్కనుంచి ఒక్కొక్క వాక్యం అందిస్తే తిరిగి చెబుతాడు. తడబాట్లు తరువాత తీసేస్తారు. బిడ్డకు మాత్రం నాన్న గొంతులో కథ వినిపిస్తుంది. మైకు ముందు కూచుని నేనూ ఎన్నోసార్లు తడబడ్డాను కనుక, ఆ తండ్రుల గుండెదడ ఎలాంటిదో ఊహించగలను.

మన విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా వున్న ఒక కేసులోనే, ఆర్. డి. ఉపాధ్యాయ్ కేసులో, 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఆరేళ్ళు వచ్చేదాకా బిడ్డ జైల్లో తల్లి దగ్గర వుండవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. మూడేళ్ళలోపు వాళ్ళకు శిశు సంరక్షణ కేంద్రం, పైవాళ్ళకు నర్సరీ వుండాలి. వీలయితే అవి జైలు గోడల బయటే నడపాలి. జైల్లో వుండగా కానుపు వస్తే, పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం పేరు మాత్రమే రాయాలి.

శ్రీకృష్ణుడు పుట్టింది చెరసాలలోనే అయినా ఏటా ఆయనకు ముగ్గులు వేసి, పాదాల గుర్తులు దిద్ది మరీ ఇంట్లోకి పిలుచుకుంటాం. జైలు రాత బిడ్డ కాగితం మీద పడకూడదని కోర్టు చెప్పింది. మన గుమ్మాల్లో పడకుండా చూసుకోవలసింది మనమే. అలాంటి పిల్ల పుస్తకాల సంచీతో మీ ఇంటికి వస్తే, నాలాగా తలుపు వేసుకోకండి. మీ పిల్లల పక్కనే చాప వేసి కూచోబెట్టండి.