సోమశిల వేసిన వాయిదా

నందికొండల్లో పుట్టి దాదాపు 600 కిలోమీటర్లు నడిచే పెన్న దారిలో ఎక్కువ భాగం అనంతపురం, కడప ఎండలే. చిత్రావతి, పాపఘ్ని, కుందూ, చెయ్యేరు వచ్చి కలిసినా ఏట్లో చాలా నెలలు ఇసకే. నెల్లూరు సీమకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు, డిసెంబరు నడుమ ఏరు ఒక్కసారిగా పొంగి, వచ్చిన ఊపులోనే ఊటుకూరు దగ్గర సముద్రంలో పడిపోతుంది.

తెల్లదొరల కాలంలో నెల్లూరు దగ్గర 1850ల్లో ఒకటి, ఎగువన సంగం దగ్గర 1880ల్లో మరొకటి ఆనకట్టలు లేచాయి. కాలువలు నెల్లూరు, కనిగిరి, సర్వేపల్లి చెరువులను నింపాయి. మొలకొలుకులు పండిన మాగాణి ఇదే. అయితే ఆనకట్ట నీటిని పక్కకు తిప్పుతుందే తప్ప నెలల తరబడి దాచిపెట్టదు. ధవళేశ్వరం గురించి చెప్పుకున్నంత గొప్పగా పెన్న ఆనకట్టల గురించి ఎవరూ చెప్పుకోకపోవడానికి అదే కారణమని నా ఊహ.

దాచే పని సోమశిలకు పడింది. అనంతసాగరం మండలంలో కొండల నడుమ 1970ల్లో మొదలైన డ్యామ్ 1980ల చివరికి నీళ్లు నిలిపింది. నిల్వ 78 టీఎంసీలు. నవంబరు వరదను ఏప్రిల్‌కు వాయిదా వేసింది. పెన్నా డెల్టాలో రెండున్నర లక్షల ఎకరాల దాకా ఉన్న ఆయకట్టులో రెండో పంటైన ఎడగారుకు ధీమా వచ్చింది అందువల్లే.

ఆ వాయిదా ఖర్చు కడప జిల్లా భరించింది. వెనక జలాల్లో అక్కడి పల్లెలెన్నో మునిగాయి. నెల్లూరు పచ్చదనాన్ని పొగిడేటప్పుడు వాటి ఊసెత్తకపోవడం మనకు అలవాటైంది.

తెలుగుగంగతో సోమశిల పెన్న ఒక్కదానిదే కాకుండా పోయింది. ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల హయాంలో 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి 68 టీఎంసీల కండలేరుకు, ఆపైన మద్రాసు దాహానికి వెళ్లాలి. కేటాయింపు 15 టీఎంసీలు. దారి నష్టాలు పోగా సరిహద్దు దగ్గర చేరాల్సింది 12. మొదటిసారి చేరింది 1996లో.

2021 నవంబరులో మాత్రం వాయిదా కుదరలేదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. డ్యామ్ దిగువ ఆప్రాన్ దెబ్బతింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది.

2022 సెప్టెంబరు 6న పాత ఆనకట్టల చోట సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. సంగం బ్యారేజీకి ఆ ఏడాదే కన్నుమూసిన మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ఒక్కోటి నిలిపేది అర టీఎంసీ లోపే. అందుకే సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎన్ని ఎకరాలకు నీళ్లో తేల్చేటప్పుడు అధికారులు ఇప్పటికీ ముందు చూసేది సోమశిల మట్టమే.