ఆ జాడీలు లేకపోతే

1939 నాటికి బ్రిటన్ తినే తిండిలో మూడింట రెండు వంతులు ఓడల మీదే వచ్చేది. సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల వెంటపడ్డాయి. 1940లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ, ఛానల్ దీవులు శత్రువు చేతిలో పడేసరికి అక్కడినుంచి వచ్చే ఉల్లిపాయలు ఆగిపోయాయి. లాటరీలో ఉల్లిపాయను బహుమతిగా పెట్టిన రోజులవి!

‘విజయం కోసం తవ్వండి’ అని ప్రభుత్వం పిలుపునిచ్చింది. పూలమడులు కూరమడులయ్యాయి. లండన్ టవర్ కందకంలోనూ కూరగాయలు పండించారు. పెరడు లేనివాళ్లకు స్థానిక సంస్థలు భూమి చెక్కలు అద్దెకిచ్చాయి. ఒక్కో చెక్క మామూలుగా 90 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మన లెక్కలో 300 గజాలు. యుద్ధానికి ముందు 8 లక్షల పైచిలుకు ఉన్న ఈ చెక్కలు 1943కల్లా సుమారు 14 లక్షలకు చేరాయి. ఇంటికప్పు మీది వానను పీపాలో పట్టుకోవడం అక్కడి తోటమాలులకు పాత అలవాటే. ఎరువు గుంత ఎలా వేయాలో కరపత్రాలు నేర్పాయి. మిడిల్టన్ అనే ఆయన ఆదివారాలు బీబీసీలో తోటపని చెబుతుంటే లక్షలమంది విన్నారు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. పెరటి కాపు ఒక్కసారిగా విరగకాస్తుంది. ఇంటిల్లిపాదీ తిన్నా, ఇరుగుపొరుగుకు పంచినా ఇంకా మిగులుతుంది. దాన్ని చలికాలం దాకా నిలవచేయకపోతే పడిన కష్టమంతా కుళ్లిపోతుంది.

1940లో పళ్లు బాగా కాశాయి. చక్కెర చూస్తే రేషన్: మనిషికి వారానికి 225 గ్రాములు. అప్పుడు ముందుకొచ్చింది ఉమెన్స్ ఇన్‌స్టిట్యూట్, అంటే పల్లె ఆడవాళ్ల సంఘం. ప్రభుత్వం నుంచి చక్కెర ఇప్పించుకుని, ఊరి హాళ్లలో, వంటిళ్లలో పొయ్యిలు వెలిగించి జామ్ కాచారు. అమెరికా నుంచి డబ్బాలకు మూతలు బిగించే యంత్రాలూ వచ్చాయి. 1940-45 మధ్య వీళ్లు నిలవచేసిన పళ్లు సుమారు 5,300 టన్నులు. జామ్‌కు రేషన్ వచ్చాక, ఆ సీసాలు దుకాణాలకే వెళ్లాయి. కాచిన చేతులకూ అందరితో సమానంగా కార్డు మీది వాటానే.

చిక్కుళ్లు నిలవచేసిన తీరు మనకు కొత్తేమీ కాదు. మూడు పాళ్ల కాయకు ఒక పాలు ఉప్పు, జాడీలో వరసమీద వరస. వండేముందు కడిగి నానబెట్టాలి. అక్కడ ఎండ చాలదు. మన వంకాయ వరుగుల్లా డాబా మీద ఆరబోసే వీలు లేదు. ఆ ఆడవాళ్ల ఓపికకు తగినంత గౌరవం చరిత్ర పుస్తకాల్లో దక్కలేదన్నది నా బాధ. తవ్వమన్న గోడపత్రిక మీది పార బొమ్మే అందరికీ గుర్తుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. అదే బ్రిటన్ ఏలుతున్న మన దేశంలోనూ 1942లో ‘ఎక్కువ పంట పండించండి’ ప్రచారం మొదలైంది. మరుసటి ఏడే బెంగాల్‌లో కరువు. బియ్యం ధర చేతికందక, 20 నుంచి 30 లక్షలమంది ఆకలితో, ఆ వెంట వచ్చిన జబ్బులతో పోయారు. అందులో కూలీలు, జాలర్లు, సెంటు భూమి లేనివాళ్లే ఎక్కువ. తవ్వమన్న మాట ఒక్కటే వాళ్లదాకా వచ్చింది. బ్రిటన్‌లో తవ్విన మనిషి వెనక రేషన్ కార్డు ఉంది, అదుపులో ధర ఉంది, చక్కెర పంపిన ప్రభుత్వం ఉంది. బెంగాల్ పల్లెలకు అవేవీ అందలేదు.