పొయ్యిలో పిల్లి

తరగతిలో జాతీయాలు చెప్పవలసి వచ్చినప్పుడల్లా "పొయ్యిలో పిల్లి లేవలేదు" అన్నదానిని నేను విడిచిపెట్టేవాడిని కాదు. ఆ ఇంట ఇంకా పొయ్యి రాజలేదు, వండుకోవడానికి గింజలు లేవు అని అర్థం చెప్పి ముందుకు సాగేవాడిని. ఉద్యోగపు చివరి సంవత్సరాలలో మాత్రం అంతటితో సరిపోయేది కాదు. "పొయ్యిలో పిల్లి ఎందుకుంటుందండీ?" అని పిల్లలు అడిగేవారు. వారి తప్పు లేదు, గ్యాసుపొయ్యి తప్ప మరొకటి ఎరుగనివారు. రాత్రి చల్లారిన కట్టెలపొయ్యిలో బూడిద చాలాసేపు వెచ్చగా ఉంటుందనీ, పిల్లి అందులో ముడుచుకుని పడుకుంటుందనీ, తెల్లవారి ఇల్లాలు నిప్పు వేయడానికి వచ్చి అదిలిస్తేనే లేస్తుందనీ నల్లబల్లమీద బొమ్మ గీసి చెప్పేవాడిని.

చెప్పకుండా దాటవేసినది ఒకటుంది. ఆ బూడిద పిల్లికి పడక మాత్రమే కాదు, మరుగుదొడ్డి కూడాను. తరగతిలో పలకదగిన సంగతి కాదని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. 14 ఏళ్ళ ముసలి పిల్లి ఒకటి మా ఇంట ఆ చరిత్రనంతా నాచేత తిరగదోడించింది.

మా మండపేట బియ్యం మిల్లుల ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు సాగిన పిమ్మట ఈ డెల్టా వరిసీమగా స్థిరపడింది. వరి ఉన్నచోట గాదె, గాదె ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. ఈ వరుస మనది మాత్రమే కాదు. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టినట్లు 2004లో పురాతత్త్వజ్ఞులు ప్రకటించారు. అక్కడా ధాన్యం దాచుకోవడం నేర్చిన మనుషులే. నేటి పెంపుడు పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియాలోని అడవిపిల్లి జాతి అని 2007లో జన్యుశాస్త్రజ్ఞులు తేల్చారు. పొడినేలల్లో తిరిగిన ఆ జీవి గుల్లమట్టిని తవ్వి, పని ముగించుకుని, వాసన బయటపడకుండా కప్పిపెట్టడం మన ఇళ్ళకు రాకముందే నేర్చుకుని వచ్చింది.

మన పెరళ్ళలో దానికి కావలసినదంతా ఉండేది. కట్టెలు, పిడకలు, మిల్లు ఊరు గనుక ఊకపొయ్యిలు. రోజూ పొయ్యిలోంచి ఎత్తిన బూడిదలో కొంత అంట్లు తోమడానికి పోగా మిగిలినది పెరట్లో కుప్ప. అదీ కాకపోతే ఎవరో ఇల్లు కట్టుకోవడానికి తోలించిన గోదావరి ఇసుక. పిల్లికి ఇది నీ చోటు అని ఎవరూ నేర్పలేదు, దాని వెనుక ఎవరూ శుభ్రం చేయలేదు. 1999లో దీపం పథకం కింద అప్పటి ప్రభుత్వం పేద కుటుంబాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. పొగకు కళ్ళు పోగొట్టుకున్న తల్లులను చూసినవాడిని కనుక ఆ మార్పును నేను తప్పుపట్టను. పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, బూడిదకుప్పలు పోయాయి, పెరళ్ళు సిమెంటు గచ్చులయ్యాయి. ఆ లెక్కలో పిల్లి పేరు ఎక్కడా లేదు.

మా విబూది బూడిదరంగుది. ఆ పేరు మా ఆవిడ పెట్టింది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నిరుడు మా అబ్బాయి ఇల్లు బాగుచేయించి, పెరట్లో మిగిలిన మూరెడు మట్టినేలమీద కూడా గచ్చు చేయించాడు. పిల్లికి ఇబ్బంది కలగకూడదని వాడే ఒక పెట్టె తెప్పించాడు. చుట్టూ ఎత్తైన గోడలు, పైన మూత, ముందు తలుపు, లోపల మల్లెపూల వాసన కొట్టే మట్టిగుళికలు. వాషింగు మిషను పక్కన పెట్టాం. విబూది ఒకసారి వాసన చూసి వెనుదిరిగింది. మూడోనాడు మా ఆవిడ నవారు మంచంమీద తడి. ఆ తర్వాత బియ్యం బస్తా. ఆ తర్వాత నా పుస్తకాల బీరువా కింద.

"మావయ్యగారూ, చంటిపిల్లాడు పాకే ఇల్లు" అని కోడలు నెమ్మదిగానే అంది. చేపల మార్కెట్టు దగ్గర విడిచిపెడితే తిండికి లోటుండదని ఇంకెవరో సలహా ఇచ్చారు. నాకు కోపం వచ్చింది. కోడలిమీద కాదు, పిల్లిమీద. పొగరనుకున్నాను. ఒకరోజు చుట్టచుట్టిన వార్తాపత్రికతో కొట్టాను కూడా. అది మంచం కిందికి దూరి సాయంత్రందాకా బయటికి రాలేదు.

ఇంతకూ ఆ పెట్టె ఎక్కడినుండి వచ్చింది? 1947 జనవరిలో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కాసోపొలిస్ అనే చిన్న ఊళ్ళో ఎడ్వర్డ్ లో అనే యువకుడి దగ్గరికి పొరుగింటావిడ వచ్చింది. ఆమె పిల్లికోసం ఉంచుకున్న ఇసుక గడ్డకట్టిపోయింది. బూడిద వాడితే ఇల్లంతా నల్లటి అడుగుజాడలు. చూశారా, అక్కడా మొదట బూడిదే! తండ్రితో కలిసి కర్మాగారాల్లో ఒలికిన నూనె పీల్చే సరుకు అమ్మే ఎడ్వర్డ్ ఆమెకు ఒక సంచి బంకమట్టి గుళికలు ఇచ్చాడు. మన ఆడవారు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతి మట్టి అది. ఆవిడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. అతడు 5 పౌండ్ల సంచులు 10 కట్టి, 65 సెంట్ల ధరకు అమ్మమని దుకాణానికి పట్టుకెళితే, ఇసుక కారుచౌకగా దొరుకుతుంటే ఇదెవరు కొంటారని యజమాని పెదవి విరిచాడు. అయితే ఊరికే ఇవ్వండి అన్నాడట ఎడ్వర్డ్. తడి తగిలితే ఉండకట్టే బెంటొనైట్ మట్టి 1980లలో వచ్చింది. మన దేశంలో ఆ మట్టికి పేరుపొందిన చోటు గుజరాత్‌లోని కచ్ఛ్.

కనుక ఈ పెట్టె వయస్సు ఎనభై ఏళ్ళు కూడా నిండలేదు. విబూది పాదాలకు తెలిసిన అలవాటు వేల ఏళ్ళది. అయితే ఇంతమాత్రాన అది పెట్టెను నిరాకరించిందనుకుంటే అదీ పొరపాటే. అసలు కారణం పశువైద్యుడు చెప్పాడు. విబూదిని బల్లమీద నిలబెట్టి వెనుకకాళ్ళ కీళ్ళు మెల్లగా నొక్కితే అది మూలిగింది. "పెట్టె గడప ఎంత ఎత్తుందండీ?" అని అడిగాడాయన. జానెడు అన్నాను. "మీరైతే మోకాళ్ళ నొప్పులతో నడుమెత్తు గోడ దాటుతారా?" అన్నాడు. నాకు తల దించుకోవలసి వచ్చింది. 2002లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లులకు ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులలో కీళ్ళ అరుగుదల కనిపించిందట. ముసలి పిల్లులకు మూత్రపిండాల జబ్బు కూడా సాధారణమేననీ, ఎక్కువ నీళ్ళు తాగి ఎక్కువసార్లు పోస్తాయనీ చెప్పి దానికీ పరీక్ష చేశాడు. మగపిల్లి ముక్కుతూ చుక్క పోయలేకపోతే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా పరుగెత్తుకు రావాలన్నాడు.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో! మొదటిరోజే మరిగే పాలు పెడితే నాలుక కాలిన పిల్లి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. రామకృష్ణుని యుక్తికి పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాడిని. పిల్లి పక్షాన ఆ కథను ఒక్కసారీ ఆలోచించలేదు. గడప దాటినప్పుడల్లా తుంటి కలుక్కుమంటే, లోపల ఉన్నప్పుడు పక్కన మిషను గిర్రుమంటే, పిల్లికి గుర్తుండేది ఆ చోటే. దానిమీద పత్రికతో కొట్టిన నేను మరికాస్త వేడిపాలు పోశానన్నమాట.

పాతరోజుల మోహంతో మిల్లునుండి ఊకబూడిద తెస్తానన్నాను. వద్దన్నాడాయన. అందులో అధికభాగం సిలికా, దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి గోదావరి ఇసుక కడిగి ఆరబెట్టి వాడమన్నాడు. ఒక వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి కొని, ఒకవైపు అంచు నాలుగు వేళ్ళ ఎత్తుకు కోయించి, కోసిన చోట గీసుకోకుండా నున్న చేయించాను. మూత లేదు, సువాసన లేదు. మిషనుకూ అన్నంగిన్నెకూ దూరంగా, మా ఆవిడ మంచం ఉన్న గది మూలన పెట్టాను. రాత్రికి చిన్న దీపం. మొదటి పది రోజులూ ఉత్త ఇసుక. తర్వాత గుప్పెడు గుప్పెడుగా వాసనలేని మట్టి కలుపుతూ, అది మొహం చిట్లిస్తే రెండురోజులు ఆగుతూ, నెలన్నరకు సగం సగం చేశాను. పాతపెట్టెను కూడా వెంటనే తీసేయకుండా మూత విప్పి పక్కనే ఉంచాం. రోజుకు రెండుమార్లు ఎత్తి శుభ్రం చేయడం నా పని.

ఫినాయిలు విషయం ప్రత్యేకంగా చెప్పాలి, మన ఇళ్ళలో అది లేని గచ్చు ఉండదు కనుక. అందులోని ఫినాలు జాతి రసాయనాలు పిల్లులకు విషం. తుడిచిన నేలమీద నడిచి పాదాలు నాకినా ముప్పే. పైగా మన ముక్కుకు పోయిన వాసన దాని ముక్కుకు పోదు, మళ్ళీ అక్కడికే వస్తుంది. మలమూత్రాల మరకలు పోగొట్టే ఎంజైము ద్రావకం అబ్బాయి తెప్పించాడు.

తొలి నాలుగు రోజులూ విబూది తొట్టి చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. అయిదోనాడు తెల్లవారుజామున నేను మేలుకొని పడుకుని ఉండగా ఇసుకలో గోళ్ళ చప్పుడు వినిపించింది. గరగర, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ గరగర. కప్పిపెట్టడం సాంతం పూర్తయ్యేదాకా కదలకుండా ఉన్నాను. ఉదయం కోడలు తొట్టి చూసి, "మావయ్యగారూ, పొయ్యిలో పిల్లి లేచిందండోయ్" అంది. నా శిష్యురాలు కాకపోయినా జాతీయం బాగానే వాడింది.

ఇప్పటికీ వాన ముసురు పట్టిన రోజుల్లో, కీళ్ళు బిగిసినప్పుడు కాబోలు, ఎప్పుడైనా నవారు మంచంమీద తడి కనిపిస్తుంది. నవారు విప్పి, ఉతికి, ఎండబెట్టి మళ్ళీ అల్లుకుంటున్నాను. అల్లడం మా ఆవిడకు వచ్చినంత బిగువుగా నాకు రాదు.