స్టాప్ కొడితే ఆగేది ఎవరు?

ఈరోజు ఒక్క చిన్న కమాండ్ వెనకున్న కథ. సిస్టమ్ సీటీఎల్ స్టాప్ అని కొట్టి, పక్కన సర్వీస్ పేరు ఇస్తాం. ఎంటర్. సర్వర్ ఆగిపోతుంది. ఇందులో హిస్టరీ ఏముంది బ్రో అంటారేమో, ఉంది. స్టార్ట్ చెయ్యడం మొదట్నుంచీ ఈజీయే. కానీ ఆపమన్నప్పుడు కరెక్ట్‌గా దేన్ని ఆపాలో మెషీన్‌కి తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

1970ల్లోకి వెళ్దాం. యూనిక్స్‌లో మెషీన్ లేవగానే కెర్నల్ ఇనిట్ అనే ప్రోగ్రామ్‌ని నడుపుతుంది. దాని ప్రాసెస్ నంబర్ 1. అది ఆర్‌సీ అనే స్క్రిప్ట్‌ని నడిపితే, ఆ స్క్రిప్ట్ మిగతా సర్వీసుల్ని లేపేది. మరి ఆపాలంటే? పీఎస్ కొట్టి, లిస్టులో నంబర్ వెతుక్కుని, కిల్ కొట్టడమే.

1983లో ఏటీ అండ్ టీ వాళ్ల సిస్టమ్ ఫైవ్ వచ్చింది. ఆ కుటుంబంలోనే ఒక్కో సర్వీస్‌కి ఒక్కో షెల్ స్క్రిప్ట్, దాని పక్కన స్టార్ట్ లేదా స్టాప్ అని రాసే పద్ధతి స్థిరపడింది. లైనక్స్ కూడా చాలా ఏళ్లు దీన్నే వాడింది.

చూడ్డానికి నీట్‌గా ఉంది కదా? లోపల మాత్రం చాలా స్క్రిప్టులు ఒక చిన్న ఫైల్‌ని నమ్ముకున్నాయి. సర్వీస్ లేచినప్పుడు దాని నంబర్ ఆ ఫైల్‌లో రాసుకుంటారు. స్టాప్ అనగానే ఫైల్ చదివి, ఆ నంబర్‌కి కిల్ పంపుతారు. మధ్యలో సర్వీస్ క్రాష్ అయితే? ఫైల్ అలాగే ఉంటుంది. అప్పట్లో లైనక్స్‌లో మామూలుగా నంబర్లు 32,768 దాకానే, అయిపోతే మళ్లీ మొదట్నుంచి పంచుతారు. అంటే ఆ నంబర్ ఇప్పుడు మీ డేటాబేస్‌ది అయ్యుండొచ్చు. అడ్రస్ పాతదే, ఇంట్లో అద్దెకున్నవాళ్లు మారిపోయారు! జాగ్రత్తగా రాసిన స్క్రిప్ట్ పేరు కూడా చెక్ చేసేది. అన్నీ అలా రాసినవి కావు.

ఇంకో తలనొప్పి పిల్ల ప్రాసెస్‌లు. తల్లిని ఆపినా అవి బతికే ఉండొచ్చు. పోర్ట్ పట్టుకుని కూర్చుంటే కొత్త సర్వర్ లేవదు.

2008లో లైనక్స్ కెర్నల్‌లోకి సీగ్రూప్స్ వచ్చాయి, ప్రాసెస్‌లని గుంపులుగా కట్టే ఏర్పాటు. పిల్ల ప్రాసెస్ తల్లి గుంపులోనే పుడుతుంది. 2010లో లెనార్ట్ పాటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీ దీన్నే వాడుకుంది. నంబర్ కాదు, గుంపు గుర్తుంచుకుంటే చాలు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

గొడవ మాత్రం మామూలుగా జరగలేదు. ఒక్క ప్రోగ్రామ్ చేతిలో ఇన్ని పనులా అని చాలామంది మండిపడ్డారు. 2014 ఫిబ్రవరిలో డెబియన్ టెక్నికల్ కమిటీలో సిస్టమ్‌డీకి, ఉబుంటు వాళ్ల అప్‌స్టార్ట్‌కి 4-4 టై! ఛైర్మన్ బ్డేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. అలిగినవాళ్లు విడిపోయి డెవువన్ పెట్టుకున్నారు. 2015లో ఉబుంటు కూడా సిస్టమ్‌డీకే మారింది.

ఇప్పుడు స్టాప్ కొడితే ముందు టర్మ్ సిగ్నల్ వెళ్తుంది, అంటే "పని సర్దుకుని వెళ్లండి" అని. డేటాబేస్ రాస్తున్నది పూర్తిచేసుకోవడానికి ఆ టైమ్. మామూలుగా 90 సెకన్లు. అప్పటికీ కదలకపోతే కిల్ సిగ్నల్. ఇది ప్రోగ్రామ్ చెవిన కూడా పడదు, కెర్నలే తీసేస్తుంది. లైనక్స్ ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసినప్పుడు ఒక్కోసారి స్క్రీన్ మీద నిమిషంన్నర లెక్క నడుస్తుందే, అది ఈ 90 సెకన్లే.